కంటికి తగలని అతుకు

పీర్ సాహెబ్ కరక్కాయ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. వగరు గొంతు దాకా పట్టింది. సరిపోయిందనుకుని ఆ నీళ్లను సున్నం మీద కొద్దికొద్దిగా పోస్తూ తాపీతో కలపసాగాడు. గండికోట మహలులోకి ఇంకా ఎండ దిగలేదు. మూడు రోజులు గానుగలో నలిగి వచ్చిన సున్నం అది. అందులో బెల్లం నీళ్లు, పిడికెడు ఇసుక, కోటలోనే రాలిపడిన పాత గారను దంచి జల్లెడ పట్టిన పొడి కలవాలి. దేనికీ కొలత లేదు. చాలిందో లేదో చేతికే తెలుస్తుంది.

అరవై దాటిన మనిషి. ఎండిన కందికట్టెలాంటి ఒళ్లు, మోకాళ్ల పైకి మడిచిన గళ్ల లుంగీ, నెత్తిన ఒకప్పుడు తెల్లగా ఉండిన టోపీ. కనుబొమల్లో ఎప్పుడూ సున్నం ఉండేది. అందులో ఏది నెరసిన వెంట్రుకో ఏది సున్నమో భార్య ఖమర్‌బీకి కూడా తెలియదు. నలభై ఏళ్లుగా సున్నం ఆ చేతి వేళ్ల కొసలను తినేసింది. కోట బాగుచేయించే కమిటీ రిజిస్టరులో వేలిముద్ర వేయమంటే నల్లటి మచ్చ పడేది గానీ ఒక్క గీత కూడా పడేది కాదు. "ఇది ఎవడి వేలైనా కావచ్చు సాయిబూ" అని గుమాస్తా విసుక్కునేవాడు.

పని మాత్రం ఎవడి పనో కాదు. తాత, తండ్రి, తరువాత తను. కోటలో గోడ పగిలినా గార రాలినా ఆ ఇంటి మగవాళ్లే పూడ్చారు. వాళ్లకు ఒకటే సూత్రం: అతుకు కంటికి తగలకూడదు. తగిలిందంటే మేస్త్రీ చేతకానివాడన్నమాట. అందుకని అతుకు వేసి ఆరాక మజ్జిగలో కొబ్బరిచిప్ప మసి కలిపి పూసేవాడు. పక్కనున్న పాత గార రంగు వచ్చే దాకా రోజుల తరబడి గులకరాయితో రుద్దేవాడు. ఆ గులకరాయి తాత పెన్నలో ఏరుకున్నది. నల్లగా, కోడిగుడ్డు కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. ముగ్గురి బొటనవేళ్లు ఆని ఆని దానికి ఒక పక్క గుంట పడింది.

కమిటీ పనిలో చేరిన నాలుగేళ్లలో మహలులోనే పద్నాలుగు చోట్ల అతుకులు వేశాడు. గానుగ దగ్గర నీళ్లు మోసే తిరుపాలమ్మ ఒకరోజు పందెం వేసి మరీ వెతికింది. పొద్దంతా తిరిగి ఒక్కటీ పట్టుకోలేకపోయింది. ఆ పూట పీర్ సాహెబ్ నవ్విన నవ్వు గురించి ఆమె ఇప్పటికీ చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెద్దలు కొందరు కలిసి కోట బాగుచేతకని ఒక కమిటీ పెట్టుకున్నారు. జనం బండ్లు కట్టుకుని కోట చూడటానికి రావాలట. మంచిదే. పీర్ సాహెబ్‌ను పనిలోకి తీసుకున్నది వాళ్లే. అతను కోరుకున్నది మాత్రం ఒక్కటే, ఉత్తరపు కమాను. దాని కాలి దగ్గర మొదలైన పగులు కప్పు దాకా పాకింది. కన్నుమూసే ముందు తండ్రి దాన్ని చూపించి "నాకు వీలు కాలేదురా" అన్నాడు. ఇంకో రెండు వానాకాలాలు పోతే కప్పు కూలడం ఖాయం. నాలుగేళ్లుగా అడుగుతుంటే కమిటీ వాళ్లు చూద్దాం చూద్దాం అంటూనే ఉన్నారు. ఈపాటికి చెవిటివాడైనా వినేవాడు. ఆ కమానును సున్నంతో పూడ్చాలో, కోట మెట్లకు సిమెంటు పూసిన కంట్రాక్టరుకు ఇవ్వాలో ఈరోజు తేల్చడానికి ఇంజనీరును వెంటబెట్టుకుని వస్తున్నారు. కార్తీకమాసం కాబట్టి పనిలో పనిగా వనభోజనాలు కూడా.

ఖమర్‌బీ సద్దిగిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

"ఈపొద్దన్నా నోరు తెరువు. యాడాడ ఏమేం చేసినావో వాళ్లకు చూపీ."

"నేను చూపీడమేంది? కండ్లుండాయి కదా వాళ్లకు."

"కండ్లకు కనపడకుండా చేస్తివి, మళ్ల కండ్లుండాయి అంటాండావు. ఒగ మూల్నన్నా గుర్తు పెట్టుకోగూడదా?"

"గుర్తు కనపడితే అది అతుకు యాడైతాది?" అన్నాడు పీర్ సాహెబ్, సంకటి ముద్ద తుంచుకుంటూ. మూడు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టాడు. నెల రోజులుగా అంతే తింటున్నాడు. ఎడమ భుజం లాగుతోందని ఎవరికీ చెప్పలేదు. తడి సున్నం ఆరకుండా దాని మీద గోనెపట్టా కప్పి లేచాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా ఒక జీపు, రెండు కార్లు, వెనక వంటపాత్రల బండి వచ్చి ఆగాయి. ముందుగా కమిటీ ప్రెసిడెంటు చెన్నకేశవయ్య దిగాడు. ప్రొద్దుటూరులో పేరున్న జౌళి వ్యాపారి, పట్టుపంచె మనిషి. కోటకు వచ్చినప్పుడల్లా రాజులు తనకు మేనమామలైనట్టు మాట్లాడతాడు. ఆయన పక్కనే కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు, చేతిలో బెత్తం. వెనకాల ఆడవాళ్లు, పిల్లలు. పీర్ సాహెబ్ టోపీ సరిచేసుకుని గోడ వారగా నిలబడ్డాడు. ఎవరో తమ గొడుగు అతని చేతికిచ్చారు. కొయ్యకు తగిలించినట్టే ఇచ్చారు, ముఖం కూడా చూడలేదు.

మెట్ల దగ్గర ఇంజనీరు ఆగాడు. బూడిదరంగు సిమెంటు, సూటిగా కోసిన అంచులు. అంచు మీద పని చేసిన తారీఖు, కంట్రాక్టరు పేరు బెత్తెడేసి అక్షరాల్లో ఉన్నాయి. ఎర్రటి కోట రాళ్ల మధ్య అది పట్టుపంచెకు గోనె అతికినట్టుంది.

"పని అంటే ఇదండీ. చేసినట్టు కనిపిస్తోంది" అన్నాడు ఇంజనీరు.

తరువాత మహలులోకి వచ్చాడు. నడిమి కమాను కింద నిలబడి, దాని కాలిని బెత్తంతో కొట్టి చూశాడు. గట్టిగా, కంచులా పలికింది. అతని ముఖం వెలిగిపోయింది. ఆడవాళ్లను, పిల్లలను దగ్గరికి పిలిచి మరీ చెప్పాడు.

"చూశారా? అయిదు వందల ఏళ్ల నాటి గార. వెంట్రుకవాసి పగులు లేదు. ఈ కాలంలో ఎవడు చేయగలడండీ ఇలాంటి పని? ఆ చేతులు ఆ రాజులతోనే పోయాయి."

బెత్తం తగిలిన చోటు పీర్ సాహెబ్ పోయిన శ్రావణంలో వేసిన అతుకు. రెండు మూరల వెడల్పు. దాని కోసం ఇరవై రోజులు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొడుగు కింద పెట్టి ముందుకు వచ్చాడు.

"సామీ, అది నేను చేసిందే."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు.

"ఏం పీరూ, కాటికి కాళ్లు చాపుకొని అబద్ధాలాడతాండావే!" అన్నాడు చెన్నకేశవయ్య.

"అబద్ధం కాదు సామీ. పోయిన శ్రావణంలో ఈడ గార ఊడి ఇటికెలు బయటపడితే నేనే..."

"సరే" అన్నాడు ఇంజనీరు ఓపికగా, వెర్రివాడితో మాట్లాడినట్టు. "అతుకు ఎక్కడ మొదలైందో చూపించు."

పీర్ సాహెబ్ గోడ మీద చేయి పెట్టాడు. ఇక్కడే ఎక్కడో. అరచేతిని పైకి జరిపాడు, పక్కకు జరిపాడు. కళ్లు దగ్గర పెట్టి చూశాడు. అంచు దొరకలేదు. గీతలు పోయిన వేళ్లకు ఎక్కడా ఏమీ తగల్లేదు. అతను పెట్టిన మసి, అతను రుద్దిన రుద్దుడు అతన్నే మోసం చేశాయి. చెమట కనుబొమల్లోని సున్నంలో కలిసి కళ్లలోకి కారింది.

"దొరకదు సామీ" అన్నాడు చివరికి. "దొరికితే నేను మేస్త్రీనే కాదు."

మళ్లీ నవ్వులు.

తిరుపాలమ్మ బిందె కిందపెట్టి అరిచింది. "మామ చేసిందే సామీ! నీళ్లు మోసింది నేను. ఇరవై దినాలు మోసినా!"

"నువ్వు గమ్మునుండు" అని కసిరాడు చెన్నకేశవయ్య.

ఇంజనీరు నేల మీద పడి ఉన్న సుత్తిని బెత్తంతో చూపించాడు. "నువ్వు చేసిందే అయితే పైపూత కింద సున్నం తెల్లగా, కొత్తగా ఉంటుంది కదా. ఒక పెచ్చు కొట్టి చూపించు. నమ్ముతాం. ఉత్తరపు కమాను కూడా నీకే ఇప్పిస్తాను."

ఎంత తేలిక! ఒక్క దెబ్బ. తండ్రి చెప్పిపోయిన కమాను చేతికొస్తుంది, నవ్విన నోళ్లన్నీ మూతపడతాయి. పీర్ సాహెబ్ సుత్తి తీసుకున్నాడు. ఎత్తాడు కూడా. గోడను చూశాడు. మూడు తరాలు పగుళ్లు పూడ్చిన చెయ్యి అది, పగలగొట్టడం దానికి రాదు. సుత్తిని మెల్లగా కింద పెట్టాడు.

"నా వల్ల కాదు సామీ. బాగుండే గోడ."

"చూశారా?" అన్నాడు ఇంజనీరు.

అంతే. అయిపోయింది. నాలుగేళ్లలో ఈ ముసలివాడు చేసిన పని ఒక్కటీ కనపడటం లేదని, ఊరికే కూర్చోబెట్టి పెట్టారని తేల్చారు. సోమవారం నుంచి ఉత్తరపు కమానుకు సిమెంటు. చదువుకున్న మనిషికి గోడ తెలియదు, గోడ తెలిసిన మనిషికి చదువు లేదు. న్యాయం మాత్రం చదువుకున్నవాడు చెప్పాలి! తరువాత మహలులోనే విస్తళ్లు వేసుకుని పులిహోర, వడలు తిన్నారు. నడిమి కమాను కింద వరుసగా నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఎండ కళ్లలో పడుతోందంటే పీర్ సాహెబ్ గొడుగు పట్టాడు. ఫోటోలో గొడుగు పడింది, అతను పడలేదు.

పొద్దు వాలే లోపల కార్లు వెళ్లిపోయాయి. తిరుపాలమ్మ విస్తళ్లు ఏరుతూ తిట్టింది. "సొమ్మొగడిది, సోకొగడిది. నువ్వన్నా ఒగ దెబ్బ కొట్టి చూపీగూడదా మామా? ఏంబోతాది? మళ్ల పూడ్చుకోవచ్చు కదా!"

"పూడ్చుకోవచ్చు" అన్నాడు పీర్ సాహెబ్. "నువ్వు పోమ్మా, నీళ్లు తేపో. సున్నం ఆరిపోతాది."

"ఇంగ సున్నం ఎందుకు?"

"కలిపినాను కదా."

కలిపిన సున్నాన్ని రేపటికి ఉంచకూడదు. అతని ఇంట్లో అది అన్నం పారేయడం లాంటిది. గోనెపట్టా తీసి తట్ట ఎత్తుకుని ఉత్తరపు కమాను దగ్గరికి వెళ్లాడు. కాలి దగ్గర కూర్చుని పగులులోని దుమ్మును ఈనెలతో ఊడ్చాడు, నీళ్లు చిలకరించాడు, చిన్న ఇటుక ముక్కలు దోపి సున్నం పట్టించసాగాడు. ఆ కోపంలో కూడా చెయ్యి తొందరపడలేదు. నేల నుంచి ఒక జానెడు, తరువాత ఇంకో జానెడు. తాపీతో సరిచేశాడు. మసి పూయడానికి రేపటి దాకా ఆగాలి, రుద్దడానికి ఎల్లుండి దాకా. అయినా అలవాటు కొద్దీ నడుములో చెక్కుకున్న గులకరాయి తీసి కమాను గట్టు మీద పెట్టుకున్నాడు. భుజం గట్టిగా లాగింది. కాసేపు ఆనుకుందామని గోడకు వీపు చేరవేశాడు.

తిరుపాలమ్మ బిందెతో తిరిగివచ్చేసరికి కోట గోడ మీద ఎండ ఇంకా ఎర్రగా ఉంది. పీర్ సాహెబ్ అలాగే కూర్చుని ఉన్నాడు. తల కమాను వైపు వాలి ఉంది. "మామా, నీళ్లు" అంది. రెండోసారి పిలవలేదు. బిందె దించి, పరుగున ఖమర్‌బీ దగ్గరికి వెళ్లింది.

సోమవారం కంట్రాక్టరు మనుషులు వచ్చారు. పీర్ సాహెబ్ పూడ్చిన రెండు జానలూ వదిలేసి ఆ పై నుంచి సిమెంటు పెట్టారు. దాని మీద తారీఖు వేశారు, పేరు వేశారు. మరుసటి వానాకాలం పోయేలోపు సిమెంటు పాత గారను పట్టుకోలేక అట్టలు అట్టలుగా ఊడింది. తారీఖు రాసిన పెచ్చు ముందుగా పడింది. కింది రెండు జానలు మాత్రం చెక్కుచెదరలేదు. మసి పూసేవాడు, రుద్దేవాడు లేక అది తెల్లగానే మిగిలిపోయింది.

మళ్లీ కార్తీకమాసం వచ్చింది. కార్లొచ్చాయి. చెన్నకేశవయ్య కొత్త చుట్టాలకు కోట చూపించాడు. నడిమి కమాను దగ్గర ఆగి, ఆ చేతులు రాజులతోనే పోయాయని ఇంజనీరు చెప్పిన మాటే తన మాటగా చెప్పాడు. ఉత్తరపు కమాను దగ్గర ఒకామె తెల్లటి మచ్చను చూసి అడిగింది.

"ఇదేందన్నా, ఇంత అసయ్యంగా ఉండాది?"

"ఈడ ముసలి మేస్త్రీ ఒగడుండె. నాలుగేండ్లు తిని కూచోని వాడు చేసిన పని ఇది ఒగటే" అన్నాడు చెన్నకేశవయ్య.

నీళ్ల బిందెతో వస్తున్న తిరుపాలమ్మ ఆగిపోయింది. ఆ గుంపులో ఒక్కరికీ నీళ్లు పోయకుండా, బిందెను అక్కడికక్కడే నేల మీద కుమ్మరించి వెళ్లిపోయింది. దీనికి పొగరెక్కిందన్నారు.

వాళ్లు కమాను నీడలో కూర్చుని విస్తళ్లు పరుచుకున్నారు. గాలికి ఒక విస్తరి లేచిపోతుంటే, ఇందాక మచ్చ గురించి అడిగినామె గట్టు మీద కనపడిన రాయి తీసి దాని అంచున పెట్టింది. తిన్నాక విస్తరి తీసేసి, రాయిని అక్కడే వదిలేసి వెళ్లారు. నల్లటి గులకరాయి, కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది. ఒక పక్క బొటనవేలు పట్టేంత గుంట ఉంది.