పిన్ను కొట్టిన పాఠం

గర్భసంచిని గంటక్క ఎప్పుడూ చివర్న తుడుస్తుంది. ముందు గుండె, తర్వాత ఊపిరితిత్తులు, ఆ తర్వాత మూడు ముక్కలుగా ఊడొచ్చే చెవి. ప్లాస్టిక్ బొమ్మలే అయినా పసిపిల్లలకు ఒళ్ళు తుడిచినట్టు మెత్తగా తుడుస్తుంది. గర్భసంచి బొమ్మకు సందులెక్కువ. తడిగుడ్డ కొసను చూపుడువేలికి చుట్టుకుని, గొట్టాల వంపుల్లోకి పోనిచ్చి, దుమ్మంతా లాగేసి, మళ్ళీ ఏ ముక్కను ఆ చోట బిగించి బీరువాలో పెడుతుంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. కళ్ళు మూసుకున్నా చేతులకు దారి తెలుసు.

"అక్కా, ఈ ముక్క ఎటు పెట్టాలో నాకెప్పుడూ తికమకే" అంది అప్పుడే వచ్చిన నర్సమ్మ, భుజాన సంచి దించుకుంటూ.

"ఇటివ్వండి. మీది నాలుగేళ్ళ చదువు. నాది రెండు గుడ్డపీలికల చదువు" అని గంటక్క ఆ ముక్కను టక్కున బిగించేసింది.

వంతెనకు అవతల ఉన్న ఈ పెద్దబడిలో ఆమెకు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పని. వారానికోసారి నర్సమ్మ ఏడున్నరకే, తొలి గంటలో ఏడో తరగతికి ఈ పాఠం చెబుతుంది. వరండా తుడుస్తూ గంటక్క అంతా వింటుంది. మొదటి రోజు పిల్లలు పది నిమిషాల పాటు పడీపడీ నవ్వుతారు. నర్సమ్మ చేతులు కట్టుకుని, నవ్వు అయిపోయేదాకా ఊరుకుంటుంది. రెండో వారం నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. మొటిమలెందుకు, గొంతెందుకు మారుతుంది, కవలలెలా పుడతారు, ఎవరైనా నచ్చని చోట చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి. మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే గదిలో కూర్చునే అడుగుతారు. కూరగాయల అంగట్లో ధర అడిగినంత మామూలుగా.

ఎనిమిదిన్నరకు గంటక్క వంతెన దాటింది. వంతెన దిగగానే ధర్మసంస్థవాళ్ళ ఆడపిల్లల బడి వస్తుంది. అక్కడ ఏడాదికొకసారి ఓ పెద్దావిడ వచ్చి తల వంచుకుని నడవమనీ, గట్టిగా నవ్వొద్దనీ చెప్పి, ఒక్కొక్కరికీ నాలుగు పేజీల పుస్తకం పంచి పోతుంది. ఆ పుస్తకం గంటక్క ఒకసారి తిరగేసింది. అందులో ఒళ్ళన్న మాటే లేదు. దాన్ని దాటి ఇంకో పావుగంట నడిస్తే కాలవగట్టు బడి. ఆమె రోజంతా ఉండే చోటు అదే. తొమ్మిదింటికి గంట కొట్టేది ఆమె కాబట్టే ఆ పేరు. అసలు పేరు జీతాల పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మూడు బళ్ళలోనూ సైన్సు పుస్తకం ఒకటే. అదే అట్ట, అవే పేజీలు. కాలవగట్టు బడిలో మాత్రం పదకొండో పాఠానికి పిన్ను ఉంటుంది.

ఆ పిన్ను కొట్టేదీ గంటక్కే. పుస్తకాల గది తాళం ఆమె దగ్గరే ఉంటుంది. ఏటా కొత్త పుస్తకాల కట్టలు రాగానే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, తొంభై ఒకటో పేజీ నుంచి తొంభై ఎనిమిదో పేజీ దాకా నాలుగు కాగితాలూ కలిపి, పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి పిన్ను కొడుతుంది. అప్పుడెప్పుడో ఒక తండ్రి ఆ పాఠం చూసి వచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పుస్తకం విసిరేసి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఇదే పద్ధతి. పిన్ను పీకినవాళ్ళను ఇంటికి పంపిస్తామని మొదటిరోజే చెబుతారు. మగపిల్లలు రెండో రోజే పీకి చూస్తారు. పూలకుండీ లాంటి బొమ్మొకటి కనిపించేసరికి నిరాశపడి, మళ్ళీ గుచ్చేస్తారు. ఆడపిల్లలు ముట్టుకోరు. ఎవరైనా బడి మానేస్తే పుస్తకాలు వెనక్కి తీసుకునేటప్పుడు పేజీలు చిరిగాయా, పిన్నులు మూడూ ఉన్నాయా అని చూసి జాబితాలో పేరు కొట్టివేయడం గంటక్క పనే.

ఆ రోజు రెండో గంట కొట్టి వచ్చేసరికి పుస్తకాల గది ముందు పిచ్చుక నిలబడి ఉంది. ఏడో తరగతి పిల్ల. సన్నగా, ఎప్పుడూ ఏదో వాగుతూ ఉంటుందని ఆ పేరు. ఇప్పుడు మాత్రం గుండెల మీద ఏడు పుస్తకాలు పొదువుకుని మూగదానిలా ఉంది. రెండు వారాల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

"పుస్తకాలు తీసుకో గంటక్కా. బడి మానేస్తున్నా. మూడింటికి నాన్న వచ్చి టీసీ తీసుకుంటాడు."

"ఎందుకే? మొన్నేగా లెక్కల్లో ఫస్టొచ్చానని నా చీర కొంగు పట్టుకుని గిరగిరా తిప్పావు."

"కుట్టుపనికి పోతా. పిన్ని రమ్మంది."

గంటక్క ఇంకేం అడగకుండా కూర్చుని పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఏడుపు ఆపుకుంటున్న పిల్లను అడిగితే ఇంకా ముడుచుకుంటుందని ఆమెకు తెలుసు. తెలుగు బాగుంది. లెక్కలు అంచులు నలిగాయి. సైన్సు పుస్తకంలో పిన్నులు మూడూ ఉన్నాయి. అయితే తొంభై ఒకటో పేజీ అడుగున పెన్సిలు గీత కనిపించింది. ఒకసారి గీసింది కాదు. గీసిన చోటే గీసీ గీసీ కాగితం నల్లబడింది.

ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. వేలు పెట్టుకుని మెల్లగా చదివింది. పదో పాఠం, శుభ్రత. "ఒకరి తువాలు, దువ్వెన, పక్కబట్టలు మరొకరు వాడరాదు. అలా వాడినట్లయితే" అని ఉంది. అక్కడితో పేజీ అయిపోయింది. పిన్ను కొట్టిన కాగితాలు నాలుగూ కలిపి తిప్పింది. తొంభై ఎనిమిదో పేజీ మొదటి వరస కింద కూడా అదే గీత. "గర్భం నిలుస్తుంది. తొమ్మిది నెలలకు బిడ్డ పుడుతుంది."

గంటక్కకు నవ్వు గొంతు దాకా వచ్చింది. మింగేసింది. ఆ వెనకే ఇంకేదో వచ్చింది. అది మింగుడు పడలేదు. ఆ రెండు వరసల్నీ కలిపి కుట్టింది తన చేతులే.

లేచి తలుపు దగ్గరగా వేసి, "ఎవరి తువాలే?" అంది.

పిచ్చుక కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత ఒక్కసారిగా భోరుమంది.

"సెలవుల్లో అత్త వాళ్ళింట్లో... అందరివీ ఒకే తీగ మీద ఉంటాయి గంటక్కా. బావదో మామయ్యదో నాకు తెలీదు. తడి తలతో చూసుకోలేదు. రెండు నెలల నుంచి నెల రావట్లేదు. అమ్మకు తెలిస్తే చచ్చిపోతుంది. కుట్టుపనైతే గదిలోనే ఉంటాను, పొట్ట ఎవరికీ కనబడదు అని..."

"ముందు ఒక మాట చెప్పు. నా కళ్ళలోకి చూసి చెప్పు. ఎవరైనా నిన్ను నీకు నచ్చనట్టు ముట్టుకున్నారా? దగ్గరకు లాక్కున్నారా? అందులో నీ తప్పు ఏమీ ఉండదు."

"లేదు. ఒట్టు. ఒట్టి తువాలే."

గంటక్క గట్టిగా ఊపిరి వదిలింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోటితో మొదటి పిన్ను కాళ్ళు పైకి లేపింది. టిక్. రెండోది. మూడోది. నాలుగు కాగితాలు విచ్చుకున్నాయి. తొంభై రెండో పేజీ పిల్ల ముందు పెట్టింది.

"మొదటి వరస చదువు. గట్టిగా."

"చర్మవ్యాధులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి" అని చదివింది పిచ్చుక, ముక్కు ఎగబీలుస్తూ. ఇంకోసారి చదివింది. మళ్ళీ తొంభై ఒకటికి తిప్పి, ఆ వరసా ఈ వరసా కలిపి చదువుకుంది.

"అంటే... గజ్జి?"

"ఆఁ, గజ్జే. మహా అయితే తామర. తువాలుకు అంతకుమించి శక్తి లేదు. ఉంటే నాకు ఈపాటికి నలభైమంది పిల్లలుండేవాళ్ళు. నా మొగుడు ఇంటిల్లిపాదికీ ఒకటే తువాలు కొనేవాడు."

పిల్ల నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది. "మరి నెల?"

"కొత్తలో అంతే. ఒళ్ళు ఇంకా లయ పట్టుకోలేదు. పైగా రెండు వారాల నుంచి తిండి మానేసి కూర్చున్నావు. ఇంకో నెల చూసి రాకపోతే అమ్మతో కలిసి డాక్టరమ్మ దగ్గరకు పోదురు. అది జబ్బూ కాదు, తప్పూ కాదు."

సుద్దముక్క తీసుకుని నల్లబండ నేల మీద బొమ్మ గీసింది. అక్షరాలు రాయమంటే ఆమె చెయ్యి వణుకుతుంది. ఈ గీత మాత్రం వణకలేదు. ఇటొక గొట్టం, అటొక గొట్టం, మధ్యలో తలకిందులైన బేరిపండు లాంటి సంచి. వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగిన వంపులే అన్నీ. నెలకో అండం ఎక్కడినుంచి బయల్దేరుతుందో, మగవాడి ఒంటి నుంచి వచ్చే కణం దానితో కలిస్తే తప్ప బిడ్డ ఎందుకు పుట్టదో, కలవని నెల ఆ లోపలి మెత్తటి పొర ఎలా జారిపోతుందో చెప్పింది. నర్సమ్మ వాడే మాటలే వాడింది. ఒక్కటి కూడా గొంతు తగ్గించి చెప్పలేదు.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు గంటక్కా?"

"నీ వయసులో నాకెవరూ చెప్పలేదు. అదే కదా బాధ."

పెళ్ళయిన ఏడాది పొట్ట ఉబ్బుతుంటే గ్యాసనుకుంది ఆమె. ఐదో నెల దాకా బిగించి గుడ్డ కట్టుకుని ఇటుకలు మోసింది. అడగడానికి అమ్మ లేదు. అత్తగారిని అడగడానికి నోరు లేదు. ఆ బిడ్డ దక్కలేదు. రెండోవాడు దక్కాడు, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. మొన్న కోడలికి మూడో నెలని తెలిసిన రోజు గంటక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పింది. "మీ అమ్మకు సిగ్గు లేదయ్యా" అని కోడలు నవ్వుతూ మొగుడితో చెబితే, ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు తనకెప్పుడూ రాలేదనుకుంది. ఇవేవీ పిచ్చుకకు చెప్పలేదు. కుండలో నీళ్ళిచ్చి మొహం కడుక్కోమంది.

మధ్యాహ్నం విరామంలో గంటక్క సైన్సు టీచరు దగ్గరకు వెళ్ళింది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఇంట్లో రెండేళ్ళ కూతురుంది. అన్నం డబ్బా మూత కూడా తీయకుండా అంతా విని తల పట్టుకుంది.

"నేను చెప్పలేనక్కా. ఆ మాటలు నా నోట రావు. వెనక బెంచీవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఎంతసేపు నవ్వుతారు? పది నిమిషాలు. అలిసిపోయాక వింటారు. నేను పన్నెండేళ్ళుగా చూస్తున్నా."

"హెడ్మాస్టరు గారో?"

"ఆయన నవ్వరు కదా."

టీచరు నవ్వేసింది. డబ్బా పక్కకు జరిపింది. "మా పాప పెద్దదయ్యాక ఈ బళ్ళోనే చేరాలి" అంది చివరికి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "మధ్యాహ్నం మొదటి పీరియడ్ నాదే."

"అయితే పిన్నుల సంగతి నేను చూసుకుంటా."

ఏడో తరగతి గదిలో నలభై పుస్తకాలు. పిల్లలు ఆటస్థలంలో ఉన్నారు. బెంచీ బెంచీకీ తిరిగి సంచుల్లోంచి సైన్సు పుస్తకం తీసి, గోటితో మూడేసి పిన్నులు లేపి, మళ్ళీ ఎవరిది వాళ్ళ సంచిలో పెట్టింది. ఇరవయ్యో పుస్తకానికి గోరు విరిగింది. తన అన్నం డబ్బాలోని చెంచా తిరగేసి దాని కాడతో మిగతావి తీసింది. పిన్నులు కాళ్ళకు గుచ్చుకోకుండా ఒక్కొక్కటీ ఏరి కిటికీ గట్టు మీద పెట్టింది.

ముప్పై ఎనిమిదో పుస్తకం దగ్గరుండగా హెడ్మాస్టరు గుమ్మంలో ఆగాడు. బట్టతల, చొక్కా జేబులో మూడు కలాలు. చెడ్డవాడు కాదు. ఎవరు గట్టిగా మాట్లాడినా ముందు తనే తప్పు చేసినట్టు నిలబడే మనిషి.

"ఏం చేస్తున్నావు? తీయమని నీకెవరు చెప్పారు?"

"కొట్టమని మీరు చెప్పారు సార్. తీయమని ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది." చేతిలో పని ఆపకుండానే పిచ్చుక సంగతి చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరి పుస్తకమో తీసి ఆ రెండు పేజీలూ చదివాడు. మొహం ఎర్రబడింది.

"ఇన్నేళ్ళూ ఇలాగే..." అని ఆగాడు. "సరే. పాఠం జరగనీ. నేను ఆపను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం నేనేం చెప్పాలి? ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా."

"నా పేరే చెప్పండి. అబద్ధం కాదుగా."

"చెబితే నిన్ను ఉంచుకోలేను."

"తెలుసు సార్. నాకు వంతెన అవతల పనుంది. టీచరమ్మకు ఇదొక్కటే పని. ఆమె పేరు రానివ్వకండి."

ఆయన తలూపాడు. పుస్తకం తీసిన చోటే పెట్టి వెళ్ళిపోయాడు. గంటక్క మిగిలిన రెండు పుస్తకాలూ పూర్తి చేసింది.

మూడింటికి పిచ్చుక వాళ్ళ నాన్న వచ్చాడు. చేతులకు సిమెంటు, భుజాన తువాలు. ఆ తువాలు చూసి పిచ్చుక గంటక్క వైపు చూసి కిసుక్కుమంది.

"నాన్నా, నేను మాననులే."

"అదేంటే? రాత్రంతా ఏడ్చి గోల చేసింది నువ్వే కదా! సగం రోజు పని పోగొట్టుకుని వస్తినే!"

"అప్పుడు వేరు. ఇప్పుడు వేరు."

"చూశావా అక్కా" అన్నాడాయన గంటక్కతో. "పూటకో మాట. దీన్ని ఎవరు భరిస్తారు?"

"మీరే భరించాలి తమ్ముడూ. ఇంకో పదేళ్ళు. లెక్కల్లో ఫస్టు అది" అంటూ గంటక్క ఏడు పుస్తకాలూ పిల్ల చేతిలో పెట్టింది.

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. పిచ్చుక పరిగెత్తుకుంటూ తరగతికి పోయింది. ఒక్క పీరియడ్‌కు అనుకున్న పాఠం ఇంకా సాగుతూనే ఉంది. లెక్కల మాస్టరు తన గంట కూడా ఇచ్చేసి బయట స్తంభంలా నిలబడిపోయాడు. లోపల నవ్వులు ఎప్పుడో అయిపోయాయి. టీచరు గొంతు మొదట్లో కొంచెం తడబడినా, ఇప్పుడు చివరి బెంచీ దాకా స్పష్టంగా వినిపిస్తోంది. ఎవరో అబ్బాయి ఏదో అడిగాడు. "మంచి ప్రశ్న, కూర్చో" అంది.

గంటక్క తలుపు దగ్గర కాసేపు విని, రేపు ఎవరైనా వచ్చి అడిగేదాకా ఆగకుండా, పుస్తకాల గది తాళం తీసుకెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. గేటు దాటి, కాలవగట్టు వెంట, ఎండ వీపు మీద పడుతుండగా, రోజూ నడిచే నడకతోనే వంతెన వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి వదిలాక టీచరు ఆమెను వెతుక్కుంటూ పుస్తకాల గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. తలుపు వెనక మేకుకు ఆయాలకు బడి ఇచ్చే నీలం కోటు, మడతలు సాపు చేసి తగిలించి ఉంది. దాని కుడి జేబు ఉబ్బెత్తుగా కనిపించింది. లోపల, బడిలో ఉండగా నెలసరి వచ్చే పిల్లల కోసం పాత పత్రికలో చుట్టి ఉంచిన శుభ్రమైన ప్యాడ్ ఒకటి, ఇంకా రేపర్ విప్పని రెండు పెప్పర్‌మెంట్లు ఉన్నాయి.