కందుల సంచి మీద ఉక్కు

కందుల సంచి మీద! నేనే పెట్టాను, నా చేతులతోనే పెట్టి కొట్టాను, ఇంకెలా మోగుతుంది? వికారాబాద్‌లో రైలు కదిలిన దగ్గర్నుంచి ఇదే ఆలోచన. సిగ్గుపడాల్సింది పోయి నవ్వు వస్తోంది.

ముప్పై ఏళ్లుగా తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్ నడుపుతున్నాను. బండ సంగతి నాకు చెప్పేది చెవే. చిన్న సుత్తితో కొడతాను. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. నా చెవి మీద అందరికీ నమ్మకం. రెండు నెలల కింద గొర్రెల బీరన్న బిడ్డ అంజలి ఒక బ్లేడు తెచ్చింది. రాళ్లు కోసే గుండ్రటి బ్లేడు, నడుమ రంధ్రం. మన దేశపు ఉక్కుతో, ఊరి చివర తన షెడ్డులో చేసింది. ఆఫీసు మూలన మా పొలం కందులు సంచుల్లో ఉన్నాయి. బ్లేడును వాటి మీద పెట్టి సుత్తితో కొట్టాను. టప్పున పలికింది.

"దీంట్ల జీవం లేదు బిడ్డా," అన్నాను.

ఆ మాట తాండూరంతా తిరిగింది. ఆమె దగ్గర ఒక్కరూ కొనలేదు.

ఈ పొద్దున మనోరమ నన్ను టిఫిన్‌కు పిలవడానికి రోజూలాగే స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. సరిగ్గా వినపడలేదు. పళ్లెం పగిలిందా అని స్నానాల గదిలోంచి అరిచాను.

"తువ్వాల మీద పెట్టిన. బట్ట మీద పెడితే ఏం మోగుతది?" అంటూ పళ్లెం అంచు పట్టుకుని ఎత్తి మళ్లీ కొట్టింది. ఇల్లంతా మోగింది. ఒంటి మీద సబ్బు అలాగే ఉండగా నిలబడిపోయాను.

"ఏంది యాదగిరీ, ఒక్కడివే నవ్వుకుంటున్నవ్?" ఎదుటి సీట్లోంచి మల్లేశ్వర్ సార్ అడిగాడు. తాండూరు కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాడు. "బయటి దేశాల ఉక్కు మీద సుంకం గిట్ల ఎత్తేసిండ్రా?"

"లేదు సార్. ఉన్నది."

"ఉండాలె! బయటి ఉక్కు అగ్గువకు వచ్చి పడుతుంటే మన ఫ్యాక్టరీలు ఎట్ల నడవాలె? అమ్మేదానికన్న కొనేది ఎక్కువైతే దేశానికి లోటు. గంతే."

"నీకేం సార్, నువ్వు అరగదీసేది చాక్‌పీసు. బ్లేడు పిరమైతే నా బండ పిరమైతది. ఎవడు కొంటడు?"

"మరి టైల్స్ మీద సుంకం ఎయ్యాలని నాతోని దరఖాస్తు రాయించింది ఎవరయ్యా? టైల్స్ మీద కావాలె, ఉక్కు మీద వద్దు. నీ దేశభక్తి నాపరాయి మందమే ఉన్నది!"

పెట్టె అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ధారూరు దాటింది. కిటికీ బయట కంది చేలు పూత మీద ఉన్నాయి.

బ్లేడును సంచి మీద ఎందుకు పెట్టాను? పక్కనే బల్ల ఉంది. గోడకు మేకు ఉంది. ఎన్నేళ్ల నుంచో అదే పెట్టెలో, అదే సీట్లో కూర్చుని మన ఉక్కు పనికిరాదని వాదిస్తున్నాను. అది మోగితే నేను ఓడిపోతాను. ఆ సంగతి నాకంటే ముందు నా చేతికి తెలిసి ఉంటుంది. మెత్తటి చోటు వెతుక్కుంది. చెవి కూడా వినదలుచుకున్నదే విన్నది. ఇన్నాళ్లూ బండల్లో పగుళ్లు వెతికానే!

చిత్రంగా, తప్పు నాదని తేలాక ఒళ్లు తేలికైంది. కానీ ఆ తప్పును నలుగురి ముందు ఒప్పుకోవాలి. అదీ ఈ రోజే. యూనిట్ల వాళ్లమంతా కలిసి మా ఆఫీసులోనే ఈ ఏడాది బ్లేడ్ల ఆర్డర్ రాస్తున్నాం.

వెళ్లేసరికి శ్రీకాంత్, మరో ఇద్దరు యజమానులు కూర్చుని ఉన్నారు. క్లాసుకు టైముందని మల్లేశ్వర్ సార్ కూడా చాయ్ కోసం నా వెంట వచ్చాడు. మూలన అంజలి నిలబడి ఉంది.

"నా బ్లేడు తీస్కపోదామని వచ్చిన కాకా," అంది. "షెడ్డు మూసేస్తున్న. హైదరాబాదుల కొలువు దొరికింది."

"సుంకం పడ్డది కదమ్మా, నీకు మంచిదే కద?" అన్నాడు మల్లేశ్వర్.

"ఏం మంచిది సార్? బయటి బ్లేడు పిరమైంది, నేను కొనే ఉక్కు రేకూ పిరమైంది. అయినా కొనెటోళ్లుంటే గదా."

సార్ చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఆ మాట పట్టుకుని సార్‌తో రైలు వాదం గెలవచ్చు, కానీ గెలవాలనిపించలేదు.

"యాదన్నా, బయటి మాలే రాస్తున్న. పిరమైనా తప్పదు," అన్నాడు శ్రీకాంత్ పెన్ను తీసి. "నీ చెవి చెప్పినంక ఇంకేముంది?"

సంచుల మీద అప్పటి నుంచీ పడి ఉన్న బ్లేడు కోసం అంజలి వంగింది. నేను ఊరుకుంటే చాలు. ఆమె వెళ్లిపోతుంది, నా చెవి పరువు నిలుస్తుంది. ఎంత సులువు! అంతలో పళ్లెం ఎత్తి పట్టుకున్న మనోరమ గుర్తొచ్చింది, మళ్లీ నవ్వొచ్చింది.

"ఆగు బిడ్డా. శ్రీకాంత్, జర రాయకు. ఆ దినం తప్పు బ్లేడుది కాదు, నాది. సంచి మీద పెట్టి కొట్టిన."

"సంచి మీదనా?" శ్రీకాంత్ నోరు తెరిచాడు. "బండనైతే గట్ల కొడ్తవా?"

"కొట్ట. గందుకే చెప్తున్న."

బ్లేడు రంధ్రంలో వేలు పెట్టి పైకి ఎత్తాను. బరువుగా ఊగింది. దాని అంచు పక్కన అంజలి ముఖం కనిపించింది, భయంతో. నాకూ భయమే. సుత్తి అందుకుని కొట్టాను.

ఖంగుమంది. సన్నగా సాగి సాగి మా యూనిట్ చివరిదాకా పోయింది. పాలిష్ పడుతున్న వాళ్లు తలలెత్తి చూశారు.

"మోగితే పగులు లేనట్టే," అంది అంజలి మెల్లగా. "మిగిలిన సంగతి కోసి చూడుండ్రి."

"పొద్దుగూకేలోపు నా మిషన్‌కు ఎక్కిద్దాం," అన్నాడు శ్రీకాంత్, కాగితం మడుస్తూ. "మంచిగ కోస్తే ఆర్డర్ నీకే. ఆ కొలువోళ్లకు ఒక మాట చెప్పు, జర ఆగమను."

"అంటే వాదంల ఓడినవా యాదగిరీ?" మల్లేశ్వర్ సార్ చాయ్ గ్లాసు పైకెత్తాడు.

"వాదం రేపు రైల్ల సార్."

వేలి మీద బ్లేడు ఇంకా సన్నగా వణుకుతోంది. ఎవరూ అడగలేదు, అయినా ఇంకోసారి కొట్టాను.