సుద్ద పూసిన గుర్రం

నాగన్న నానబెట్టిన సుద్దను వేళ్ళతో మెత్తగా నలిపి తెల్లగుర్రం ముత్యాలు వీపు మీద మూడో పూత పూశాడు. గోడకు వెల్ల వేసినంత సులువు కాదు, తెల్లగుర్రానికి తెలుపు వేయడం. పూత ఎక్కువైతే పెచ్చులు లేస్తాయి, తక్కువైతే కింది మచ్చ కనిపిస్తుంది. ముత్యాలుకు ఒంటి మీద ఏడు మచ్చలున్నాయి. వెంట్రుక రాలిపోయి, అంచుల్లో బూడిదలాంటి పొట్టు లేచిన గుండ్రటి మచ్చలు. మొదట్లో రూపాయి బిళ్ళంత ఉండేవి, ఇప్పుడు గారెలంత అయ్యాయి.

వైశాఖ మాసం, రాజంపేట ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. అయినా నాగన్న నిండుచేతుల చొక్కా తొడిగి మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు. కుడి చేతికి, మోచేతి కింద, అతనికీ అదే మచ్చ ఉంది.

కేశవయ్య శెట్టిది షామియానాల వ్యాపారం. పందిళ్ళు, కుర్చీలు, వంటపాత్రలు, వాటితో పాటు రెండు గుర్రాలు. తెల్లది పెండ్లికొడుకులకు, ఎర్రది దేవుడి ఉత్సవాలకు. పదకొండేళ్ళ కిందట కోసిగి నుంచి కూలిజనంతో వచ్చిన నాగన్న, తోటివాళ్ళు తిరిగిపోయినా గుర్రాల దగ్గరే ఉండిపోయాడు. భార్య అప్పటికే పోయింది. కూతురు సోమక్క కోసిగిలో సంసారం చేసుకుంటోంది. అతని మంచం గుర్రపుసాల వాకిట్లోనే. ఊళ్ళో వందల పెండ్లి ఆల్బంలలో నాగన్న ఉన్నాడు, కళ్ళెం పట్టుకున్న కుడిచెయ్యి వరకు. అంతకు మించి అతన్ని ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు, అతనూ ఏనాడూ అనుకోలేదు.

నలభై రోజులుగా నాగన్న భయాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కానుగనూనెలో గంధకం కలిపి రాశాడు, తగ్గలేదు. శెట్టికి చెబుదామంటే నోరు పెగల్లేదు. చర్మం చెడిన గుర్రం పెండ్లికి పనికిరాదు, పనికిరాని గుర్రానికి ఎవరు మేత వేస్తారు? నందలూరు దగ్గర రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన గుర్రాన్ని అతను కళ్ళారా చూశాడు. వీపంతా పుండ్లు, పుండ్ల మీద కాకులు. తోలుదామంటే తోకకు కూడా శక్తి లేదు. మూడోనాడు దాన్ని లారీ కొట్టింది. ఆ కాకులు ఇప్పుడు నాగన్న కలలోకి వచ్చి ముత్యాలు మీద వాలుతున్నాయి.

పందిళ్ళు వేసే ఏసురాజు గుంజలు దించుతూ కేకేశాడు. "నాగన్నా, ఆరింటికి పెండ్లికొడుకు మెరవణి. శెట్టి జాగ్రత్తగా రమ్మన్నాడు. ఆఁ, ఇంగో మాట. పోయిన పెండ్లిలో పెండ్లికొడుకు ముందర కూచోబెట్టినామే, రమ్యశ్రీ అని చిన్నపాప. దానికి తొడ మీద ఏందో గుండ్రంగా లేచిందంట. పురుగు కుట్టిందని పసుపు రాస్తాండారు."

నాగన్న సుద్దగిన్నె కింద పెట్టేశాడు. ఆ పాప పొట్టి గౌను వేసుకుని, వట్టి తొడలతో జీనుగుడ్డ మీద కూచుంది. ఎక్కించింది తనే. తమాషాగా ఉందని పాప నవ్వితే తనూ నవ్వాడు.

ఇంకో గంటకు అతను ముత్యాలును వెనక సందుల గుండా పశువుల ఆసుపత్రికి నడిపించుకుపోయాడు. తలకు కట్టుకునే తువ్వాలు దాని వీపు మీద కప్పాడు. ఎదురైన ప్రతి మనిషీ ఆ తువ్వాలునే చూస్తున్నట్టు అనిపించింది.

డాక్టరమ్మ పేరు యామిని. తువ్వాలు తీసి, తడిగుడ్డతో సుద్ద తుడిచి, మచ్చల అంచులు దగ్గరగా చూసింది.

"ఇది తామర. సుద్ద ఎవరు పూశారు?"

"నేనేనమ్మా."

"చెమట, దాని మీద సుద్ద, ఆ పైన జీను. గాలి తగలకపోతే తగ్గుతుందా? నీ చొక్కా చెయ్యి పైకి ఎత్తు."

నాగన్న మణికట్టు గుండీ విప్పాడు.

"నా నుంచి దానికి అంటిందా అమ్మా, దాని నుంచి నాకా?"

"అది నేను చెప్పలేను. మందు మాత్రం ఇద్దరికీ కావాలి. నీది పెద్దాసుపత్రిలో చూపించుకో. జీను మీద వేసే గుడ్డ ఎప్పుడు ఉతికారు?"

"అది పెండ్లిగుడ్డమ్మా. ఉతకరాదు. ఉతికితే కళ పోతాదంటారు. రెండు గుర్రాలకూ అదే ఏస్తాం."

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. మచ్చల చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి, రోజూ అయోడిన్ పూయమంది. గుడ్డ, తాళ్ళు మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయమంది. ఒక గుర్రం బురుసు ఇంకోదానికి వాడొద్దంది. నెలరోజులు వీపు మీద ఏమీ వేయొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు అంది. "మనుషులకూ అంటుతుంది. పిల్లలకైతే ఇంకా తొందరగా."

"సచ్చిపోతాదా అమ్మా?"

"తామరకు గుర్రం చావదు. ఇట్లా దాచిపెడితే మాత్రం నలుగురికి అంటుతుంది."

తిరిగొచ్చేసరికి శెట్టి తల్లి సుందరలక్ష్మమ్మ జీను మీద వేసే జరీ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని అంచుకు కుంకుమ అద్దుతోంది. శెట్టి పక్కనే నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. సుద్ద కడిగిన గుర్రాన్ని చూసి ఫోను దించేశాడు. ఇప్పుడు నోరు తెరవకపోతే ఇక ఎప్పటికీ తెరవలేనని నాగన్నకు తెలుసు.

"సామీ, దానికి తామర. నాకూ ఉండాది. ఆ పాపకూ అదే అయ్యుంటాది. ఈపొద్దు దాన్ని తోలగూడదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నలభై దినాలు."

"నలభై దినాలు సుద్ద పూసి, నా పేరు మీద పెండ్లిండ్లకు తోలినావా?" శెట్టి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాగన్నకు కాస్త ధైర్యంగా ఉండేది. "ఆ పాప వాళ్ళ ఇంటికి పోయి నేనే చెప్పుకోవాల. ఊరంతా అడుగుతాది. ఏం చెప్పేది నేను?"

"నన్ను తీసేసినానని చెప్పండి సామీ. తప్పు నాదే. దాన్ని మటుకు అమ్మొద్దు, రోడ్డు మీదికి తోలొద్దు. నెలరోజులు ఉంచండి, సాలు."

శెట్టి తల్లి వైపు చూశాడు. ముసలామె ఒళ్ళోని గుడ్డను దూరంగా నెట్టి, కుంకుమ వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. కాసేపటికి లేచి, పెండ్లివంటల పెద్ద డేగిసాను పొయ్యి మీద పెట్టించి, గుడ్డను తన చేత్తోనే అందులో వేసింది. నీళ్ళు ఎర్రగా మారాయి.

"గుర్రం ఉంటాది," అన్నాడు శెట్టి. "నువ్వు పో నాగన్నా."

నాగన్న తలూపాడు. ముత్యాలుకు మందు పూసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. రేపటి నుంచి దాన్ని చూసుకోవాల్సిన ఏసురాజుకు గుంజలు తప్ప గుర్రం తెలియదు. చెప్పిపోదామంటే అతను పెండ్లిపందిరి దగ్గర ఉన్నాడు. రాసిపెడదామంటే నాగన్నకు అక్షరం రాదు. ఆరింటికి గుర్రం లేకుండానే పెండ్లికొడుకు కారులో బయల్దేరాడు. బ్యాండు చప్పుడు వీధి మలుపు తిరిగేసరికి నాగన్న సంచీ భుజాన వేసుకుని కడప బస్సు కోసం నడిచిపోయాడు. ముత్యాలు ఒకసారి సకిలించింది. అతను ఆగాడు, వెనక్కి మాత్రం తిరగలేదు.

మర్నాడు ఏసురాజు మేత పట్టుకుని సాలలోకి వచ్చాడు. మందుసీసా పైన, సున్నపు గోడ మీద, పొయ్యిబొగ్గుతో గీసిన గుర్రం ఉంది. కాళ్ళు మంచంకోళ్ళలా ఉన్నాయి, తోక మరీ పొడుగు. ఒంటి మీద ఏడు సున్నాలు. జూలు కింద, చూసేవాళ్ళకు కనపడని చోట ఉండే సున్నాను మాత్రం బొగ్గు విరిగేంత గట్టిగా రెండుసార్లు దిద్ది ఉంది.