పాందాన్‌లో పెట్టిన పెడల్

ఫిర్దౌస్‌కి గిటారంటే ప్రాణం. అందులోనూ గుండెల మీద గుద్దినట్టు గర్జించే మెటల్ సంగీతమంటే మరీను. గిటారుకీ స్పీకరుకీ మధ్య, కాలితో నొక్కే డిస్టార్షన్ పెడల్ ఉంటేనే ఆ గర్జన వస్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లో తమ మేడమీది గదిలో కూర్చుని ఆమె దాన్ని సొంతంగా తయారుచేసుకుంది. సర్క్యూటంతా అతికించి, ఒక ప్లాస్టిక్ స్వీట్ల డబ్బాలో బిగించింది. తీగ మీటితే కిటికీ అద్దాలు అదిరాయి. ఇంతకన్నా మంచి పెడల్ ఇంకెక్కడా ఉండదనుకుంది.

దాన్ని నలుగురి ముందు వాయించే అవకాశం కంకిపాడులో వచ్చింది. ఆమె ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి నడిపే బ్యాండులో డ్రమ్స్ వాయించే ఉషశ్రీకి బాబీ అని అన్నయ్య. అతని పెళ్లి రిసెప్షన్. "డీజే వద్దు, మా చెల్లి బ్యాండే కావాలి" అని పెళ్లికొడుకే పట్టుబట్టాడు. బేస్ గిటారు వాయించే ఎలిజబెత్‌తో పాటు, మనవరాలి కచేరీ చూడాలని ముచ్చటపడి ఫిర్దౌస్ నాయనమ్మ బేగం బీ కూడా కారెక్కింది.

అతిథులు రాకముందే ఫంక్షన్ హాల్లో సౌండ్ సరిచూసుకుంటున్నారు. ఫిర్దౌస్ పెడల్ నొక్కి, ఒక్క మోత మోగించి, తీగల మీద అరచెయ్యి ఆనించింది. అక్కడితో శబ్దం ఆగాలి. ఆగలేదు. బుస్సుమని రొద మొదలైంది. ఆ రొదలోంచి, పెద్ద స్పీకర్లలో, గంభీరమైన మగ గొంతు పలికింది.

"రైతు సోదరులారా, వరిలో కాండం తొలిచే పురుగు..."

ఎలిజబెత్ పడీపడీ నవ్వింది. ఫిర్దౌస్ గబుక్కున పెడల్ మీదికి వంగింది. వైరు ఊడబీకబోతుంటే, వంటల దగ్గర్నుంచి ఉషశ్రీ నాన్న హనుమయ్య పరుగున వచ్చారు.

"ఆగమ్మా, తియ్యమాకు! మందు పేరు చెప్పబోతున్నాడు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పేరు వినేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

"పెడల్‌కి రేడియో ఎందుకొచ్చిందే?" అంది ఉషశ్రీ.

"ఎంత చిన్న శబ్దాన్నయినా ఇది వేల రెట్లు పెంచుద్ది. గాల్లో పోయే రేడియోని కూడా పట్టుకుంటోంది. ప్లాస్టిక్ డబ్బా అడ్డుకోలేదు, లోహపు డబ్బా కావాలి. ఇప్పుడెక్కడ తెచ్చేది?"

బేగం బీ ఒళ్లో రాగి పాందాన్ ఉంది. ఆవిడ అందులోని తమలపాకులు, వక్కలు చేతిరుమాల్లో మూటగట్టి, ఖాళీ పెట్టె ముందుకు జరిపింది.

"ఇది సరిపోద్దా బేటీ?"

"దాదీ, అది నీ పెళ్లినాటిది!"

"అయితే ఏమైంది? ఇది కూడా పెళ్లేగా."

ఫిర్దౌస్ సర్క్యూట్‌ని పాందాన్‌లోకి మార్చింది. సర్క్యూట్ రాగికి తగలకుండా అడుగున టేపు అంటించి, ఎర్త్ వైరు రాగికి అతికించి, స్విచ్ వేసే ఉంచి, మిగతా వైర్లు సందులోంచి బయటికి లాగి మూత వేసింది. మళ్లీ మోగించి ఆపింది. హాలంతా నిశ్శబ్దం.

సంబరపడి ముగ్గురూ కలిసి వాయించారు. తీరా చూస్తే డ్రమ్స్ వినపడుతున్నాయి, బేస్ వినపడుతోంది, గిటారు మాత్రం లేదు.

"వాయిస్తున్నావా, నటిస్తున్నావా?" అంది ఎలిజబెత్.

ఫిర్దౌస్‌కి తన గది గుర్తొచ్చింది. ఒంటరిగా వాయించినప్పుడు బాగుందని మిడ్ స్వరాలు తగ్గించేసి, గర్జన పెంచే గెయిన్ బిరడాని చివరికంటా తిప్పేసింది. ఆ మధ్య స్వరాల్లోనే కదా గిటారు గొంతుండేది! మనసొప్పకపోయినా మూత తీసి గెయిన్ సగానికి తగ్గించి, మిడ్ పెంచి, మళ్లీ మూత వేసింది. విడిగా వింటే జలుబు చేసినట్టుంది. ముగ్గురూ అందుకున్నాక మాత్రం గిటారు డ్రమ్స్‌ని చీల్చుకుని పైకొచ్చింది. తీగలన్నీ ఒకేసారి మీటినా ఏ తీగకా తీగ విడిగా తెలుస్తోంది.

"ఇదీ!" అని ఉషశ్రీ డ్రమ్ము పుల్లలు గాల్లోకి ఎగరేసింది.

ఆ సాయంత్రం పెళ్లికొడుకు కోటు విప్పి పడేసి గెంతాడు. పెళ్లికూతురు అతనికన్నా ఎక్కువ గెంతింది. పాట మధ్యలో ముగ్గురూ టక్కున ఆగేచోట, భోజనాల దగ్గర గరిటె చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం పరుచుకుంది. ఆ క్షణం ఫిర్దౌస్‌కి ఒళ్లు పులకరించింది. మోతకన్నా ఆ ఆగడమే బాగుందనిపించింది. మరుక్షణం పాందాన్ మళ్లీ గర్జించింది. ముందు వరసలో బేగం బీ చెవుల్లో దూది పెట్టుకుని, తల ఊపుతూ చప్పట్లు కొడుతోంది.