అద్దం ముందరి పొయ్యి

నార్కట్‌పల్లిలో హైవే మీద అహ్మద్ అలీ సేటు హోటల్లో జొన్నరొట్టెలు చేసేది మేమిద్దరం. నేనూ, స్వర్ణా. నేను పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను, స్వర్ణ వచ్చి రెండేళ్లు. పిండిలో మరిగే నీళ్లు ఎంత పోయాలో, అంచు పగలకుండా అరచేత్తో ఎలా తట్టాలో, పెంక మీద వేశాక పైన తడి ఎప్పుడు రాయాలో దానికి నేర్పింది నేనే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, హోటల్లో ఇంకెవరూ చెప్పరు కనక.

కరోనా తర్వాత సేటు హోటలు బాగు చేయించాడు. తలుపు పక్కన పెద్ద అద్దం పెట్టించి, దాని వెనక ఒక పొయ్యి కట్టించాడు. కార్లు దిగినవాళ్లకు రొట్టె చేయడం కనపడాలట. రెండో పొయ్యి మాత్రం లోపల, గిన్నెలు కడిగే చోటు పక్కనే ఉండిపోయింది. అద్దం ముందు నేనే కూర్చుంటాననుకొని ఆ రోజు మంచి చీర కట్టుకొని వెళ్లాను. సేటు స్వర్ణను కూర్చోబెట్టాడు.

"నువ్వు నవ్వవు గోవిందమ్మా," అన్నాడు. "గిరాకీలు సూస్తరు గద."

రొట్టె చేస్తూ నవ్వడానికేముంది? స్వర్ణ నవ్వేది. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తే, రొట్టెను గిర్రున తిప్పి చూపించేది. జనం ఫోన్లలో ఫోటోలు తీసుకునేవాళ్లు. తిని వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, బాగా చేశావమ్మా అని యాభయ్యో వందో దాని చేతిలో పెట్టేవాళ్లు. వాళ్లు తిన్న రొట్టెల్లో సగం నావి. లోపల నేను చేసి పంపితే అవి దాని గంపలో కలిసిపోయేవి. నావి కొంచెం పల్చగా ఉంటాయి. అది ఎవరూ గమనించలేదు.

డబ్బు కోసం కాదని అబద్ధం చెప్పను. డబ్బు కోసం కూడా. కానీ నా కడుపు మండింది మాత్రం ఆ ఇవ్వడం చూసి. అంత పెద్ద కారు దిగిన మనిషి దాని ముందు ఆగి, మెచ్చుకొని, చేయి చాపడం చూసి. నాకూ అలా ఒక్కరు, ఒక్కసారి ఇస్తే చాలనుకున్నాను. నాకు రాకపోతే దానికీ రాకూడదనుకున్నాను. ఈ రెండోదే ఎక్కువగా అనుకున్నాను.

హైదరాబాదులో పెద్ద హోటళ్లలో బిల్లులోనే సర్వీసు చార్జి వేసి, వచ్చినదాన్ని పనివాళ్లందరికీ సమానంగా పంచుతారని సర్వర్లు చెప్పుకుంటుంటే విన్నాను. మర్నాడే సేటు దగ్గరికి వెళ్లాను.

"సేటు, అంట్లు తోమెటోళ్లు, కూరగాయలు కోసెటోళ్లు మనుషులు కాదా? ఇచ్చేదంత ఒక్కదానికే పోతాంది. గదేదో బిల్లులనే ఎయ్యుండ్రి. అందరికి సమానంగ పంచుండ్రి."

"నీ మనసు మంచిది గోవిందమ్మా," అన్నాడు సేటు.

అంట్లు తోమే ఆడవాళ్లు నాకు దండం పెట్టినంత పని చేశారు. వాళ్ల గురించి ఆ రోజు వరకు నేను ఒక్కసారి కూడా ఆలోచించి ఎరగను.

బిల్లులో నూటికి ఐదు రూపాయలు కలిశాయి. వద్దన్నవాళ్లకు సేటు తీసేసేవాడు గానీ, అడిగేవాళ్లు తక్కువ. సర్వీసు చార్జి బిల్లులోనే ఉంది, విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదు అని రాసిన కాగితం అద్దం మీద అంటించారు. అంటించమని చెప్పింది కూడా నేనే.

స్వర్ణ ఏడుస్తుందని ఎదురుచూశాను. మొదటి నెల పంచిన రోజు అది నా దగ్గరికి ఉరుక్కుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, నీ పుణ్యమాని నెలకింత అని తెలుస్తాంది. ఎవ్వలిస్తరా, ఎవ్వలియ్యరా అని మొకాలు సూసే బాధ తప్పింది," అంది. "ఇగ ముంగట కూసుంటే ఏంది, ఎనక కూసుంటే ఏంది? గా అద్దంల నుంచి ఎండ నా మొకం మీదనే కొడ్తాంది. జర నువ్వు కూసుంటవా?"

నేను పడ్డ కుళ్లంతా దానికి పుణ్యమై కూర్చుంది. దాన్ని ఎండలో నుంచి నీడలోకి పంపించానన్నమాట, అదీ నా చేతులతోనే!

అయినా సేటును అడిగి వెళ్లి కూర్చున్నాను. నవ్వడం నేర్చుకున్నాను. పిల్లలు ముక్కు ఆనిస్తే రొట్టె తిప్పాను, ఒకటి రెండు విరిగి పడ్డాయి కూడా. జనం బాగుందమ్మా అనేవాళ్లు, కాగితం చదివేవాళ్లు, కారెక్కేవాళ్లు. నెల గడిచినా ఒక్క చేయి నా వైపు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, విజయవాడ వైపు వెళ్తున్న ఒకావిడ తిని వచ్చి నా ముందు ఆగింది.

"ఇంత పల్చటి జొన్నరొట్టె నేనెక్కడా తినలేదండీ," అని పర్సు తీసింది. వంద నోటు బయటికి వచ్చింది. నా చేయి దానంతటదే లేచింది. అప్పుడు ఆవిడ కాగితం చూసింది. "ఓ, బిల్లులోనే వేశారు కదా," అని నోటు లోపల పెట్టబోయింది.

"అది మాకు రాదమ్మా," అన్నాను.

నోరు జారి అనలేదు. తెలిసే అన్నాను.

"మీకివ్వరా?"

"సేటే ఉంచుకుంటడు."

ఆవిడ నోటు నా చేతిలో పెట్టింది. పది లెక్కపెట్టేంత సేపు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. స్వర్ణ చూస్తోందా అని వెనక్కి తిరిగాను కూడా. నేను తిరిగి చూసేసరికి ఆవిడ కౌంటరు దగ్గర ఉంది.

"పనివాళ్ల పేరు చెప్పి మా దగ్గర వసూలు చేసి మీరు దాచుకుంటారా? ఆ రొట్టెలు చేసే ఆవిడకి పైసా ఇవ్వరట!"

తినేవాళ్లు చేతులాపి చూశారు. సర్వర్లు నిలబడిపోయారు. అంట్లు తోమే ఆడవాళ్లు, స్వర్ణ, అందరూ లోపలి నుంచి వచ్చారు. సేటు అరవలేదు. అరిచినా బాగుండేది.

"గోవిందమ్మా, మొన్న ఒకటో తారీకు నీ చేతుల పెట్టిన గద. పెట్టలేదా? నువ్వు పెట్టలేదంటే పెట్టలేదనే అనుకుంట. చెప్పు."

"పెట్టిండ్రు," అన్నాను. నాకే వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది. "పెట్టిండ్రు సేటు."

పెంక మీద రొట్టె మాడుతోంది. స్వర్ణ వచ్చి దాన్ని తీసేసి, మరో ముద్ద తీసుకొని తట్టడం మొదలుపెట్టింది. దాని ముఖంలో నవ్వు కోసం వెతికాను. లేదు. నవ్వి ఉంటే ఇంటికెళ్లి తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

ఆవిడ సేటుకు సారీ చెప్పి తలుపు వైపు వచ్చింది. నేను నోటు చాపాను. ఆవిడ తీసుకోలేదు. నా ముఖం వైపు, కాలిన మచ్చలున్న నా చేతుల వైపు చూసింది. నా వేళ్లు ముడిచి నోటును లోపలే ఉంచేసింది.

"ఉంచుకోండి. పాపం, ఎంత అవసరం పడి అన్నారో," అంది.

నా చేతికి వచ్చిన మొదటి నోటు అది. స్వర్ణకు ఎంతమంది ఇచ్చారో, వాళ్లలో ఒక్కరు కూడా పాపం అని ఇవ్వలేదు.