ఉల్లంకి కాలి కడియం

నేను ఒక కడియాన్ని. బంగారంతోనో వెండితోనో చేసిందాన్ని కాను, అల్యూమినియం రేకు ముక్కను. ఏ ఆడపిల్ల కాలికీ పనికిరాను. పిట్ట కాలికి తొడగడానికే నన్ను పుట్టించారు. నా ఒంటి చుట్టూ ఒక నంబరు, ఒక ఆఫీసు పేరు, ఆ పక్కన ఇంగ్లీషులో ‘తెలియజేయండి’ అన్న ఒక్క మాట చెక్కారు. ఆ అక్షరాలు చూసుకుని అప్పట్లో తెగ మురిసిపోయాను. ఇప్పుడు వాటిని గోకి పారేసేవాళ్లుంటే దణ్ణం పెడతాను.

నాతోపాటు పుట్టిన వందమందిని ఒక తీగకు గుచ్చి, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఊరికి తెచ్చారు. అది ఫాల్గుణ మాసం. చలికాలమంతా ఇక్కడి బురదలో పురుగులేరుకుని తిన్న ఉల్లంకి పిట్టలు ఉత్తరాన మంచుదేశాలకు తిరిగిపోయే రోజులు. పక్షుల మీద పరిశోధన చేసే మృణాళిని మేడం గారు హైస్కూలు ఏడో తరగతి పిల్లలతో అక్కడ వారం రోజుల శిబిరం పెట్టారు.

మొదటి రెండు రోజులూ మేడం గారి ఖరీదైన వలల్లో గాలి తప్ప ఏమీ పడలేదు. అప్పుడు యానాదుల కాలనీ నుంచి పోలయ్యను పిలిపించారు. తాతల నాటినుంచీ పిట్టలు పట్టే ఇంటి మనిషి. వల కట్టిన చోటు చూసి నవ్వాడు.

“ఈడ కట్టినావేందమ్మా? గాలి తిరిగితే పిట్ట ఆ పాయెంబడే వస్తాది.”

పాయకు అడ్డంగా మోకాలెత్తున వల కట్టి, బురదలో గొంతుక్కూర్చుని, నాలుక మడిచి ఈల వేశాడు. అచ్చం ఉల్లంకి గొంతే. అరగంటలో పన్నెండు పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం గారు పోలయ్యతో ఫొటో దిగి, “మీరే మాకు గురువు” అన్నారు.

పోలయ్య కూతురు వెంగమ్మ ఆ తరగతిలోనే చదివేది. అంతకు ముందు ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ వారం మాత్రం చోటు కోసం పోటీ పడ్డారు. మేడం గారు నన్ను పట్టకారుతో వంచి ఒక ఉల్లంకి కాలికి తొడిగి, ఆ పిట్టను వెంగమ్మ చేతుల్లో పెట్టారు. పిల్ల నా మీది నంబరు పైకి చదివింది.

“మళ్లా వస్తాదా మేడం?”

“తప్పకుండా వస్తుంది. కడియం ఎవరికి దొరికినా మాకు తెలియజేయాలి. ఎక్కడ, ఎలా దొరికిందో ఉన్నదున్నట్టు రాయాలి. మర్చిపోవద్దు.”

సైన్సు మాస్టారు రామానుజం గారు ఆ మాటను పిల్లలందరి చేతా నోటుపుస్తకంలో మూడుసార్లు రాయించారు. వెంగమ్మ నాలుగోసారి కూడా రాసుకుని, కింద నా నంబరు వేసుకుంది. తర్వాత చేతులు విప్పింది. మేమిద్దరం ఎగిరిపోయాం.

ఆ ప్రయాణం గురించి చెప్పుకుంటే నాకే గొప్ప. కొండలు దాటాం, ఎడారులు దాటాం, పొద్దుగుంకని దేశంలో ఎండాకాలం గడిపాం. ఎక్కడా ఎవరూ మమ్మల్ని ఆపి పేరడగలేదు. కార్తీకానికి మళ్లీ అదే బురదలో దిగాం.

ఆ ఏడు సరస్సు మాఘానికే ఎండిపోయింది. చేపల్లేవు, రొయ్యల్లేవు. పోలయ్య ఇంట్లో పొయ్యి వెలగని రోజులు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున అదే పాయలో, అదే ఎత్తున వల కట్టి, అదే ఈల వేశాడు. ఈసారి చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. వల్లోంచి తియ్యగానే మెడ తిప్పెయ్యడం అతని చేతికి అలవాటు. నేను వేలికి తగిలేసరికే నా పిట్ట చచ్చిపోయింది.

“నీ పిట్టేనేమో చూడు మే” అని పోలయ్య నన్ను కూతురి చేతిలో పెట్టాడు. “మసకలో కడెం కానరాలా. చూసుకోకుండా చేసేసినా.”

వెంగమ్మ నోటుపుస్తకం తీసి నంబరు సరిచూసుకుంది. చాలాసేపు ఏడ్చింది. కూర ఉడికాక తినింది కూడా. ఆకలి మీద ఉన్న పిల్ల, నేనేమీ అనుకోలేదు.

తన పిట్ట చెప్పినట్టే తిరిగొచ్చిందన్న సంగతి మేడం గారికి తెలియాలని ఆ పిల్ల ఆరాటం. మర్నాడే మాస్టారినడిగి, మేడం గారు బడిలో ఇచ్చిపోయిన ఫారం తీసుకుంది. “ఏ గడీ ఖాళీగా వదలకు. వదిలితే సున్నా” అన్నారాయన, పరీక్ష పేపరు ఇచ్చినట్టే. వెంగమ్మ ఒక్క గడీ వదల్లేదు. ఎవరికి దొరికింది: మా నాయన పోలయ్యకు. ఎలా దొరికింది: వలలో పడింది. ప్రస్తుతం పక్షి ఎలా ఉంది: కూర వండుకున్నాము.

నన్ను ఆ కాగితానికి అంటించింది. మాస్టారు చేతిరాత చూసి “భలే” అని కవరు మూసేశారు. ఆయన రాత చూశారు గానీ రాసింది చదవలేదు.

ఆఫీసులో పండగ చేసుకున్నారు. కడియం తిరిగి దొరకడం వేలల్లో ఒకటట. మేడం గారు గోడ మీది పటంలో మంచుదేశం నుంచి పులికాట్ దాకా ఎర్ర గీత గీశారు. పక్షి చచ్చిందని ఉంటే అడవి శాఖకు నకలు పంపాలన్నది అక్కడి రూలు. పంపారు. దాంతోపాటు నన్నూ పంపారు.

మూడు వారాలకు కాలనీలోకి అడవి శాఖ జీపు వచ్చింది. పోలయ్యనూ, అతని వలనూ ఎక్కించుకుపోయింది. ఫైల్లో శిబిరం నాటి ఫొటో కూడా పెట్టారు, పిట్టలు పట్టడంలో ఆరితేరినవాడని రుజువుగా. మేడం గారు మాస్టారికి ఫోను చేసి “ఇలా అవుతుందనుకోలేదండీ” అని బాధపడ్డారట. కోర్టుకు మాత్రం రాలేదు.

పోలయ్య తరఫు వకీలు వెంగమ్మకు ముందే నేర్పాడు. ఆ ఫారం తను రాయలేదని ఒక్క మాటంటే చాలు, కేసు నిలబడదు, నాయన ఇంటికొస్తాడు. బల్ల మీద కవర్లో ఉండి నేనంతా విన్నాను.

“ఇది నువ్వే రాశావా పాపా?” అని జడ్జీ గారు అడిగారు.

వెంగమ్మ తండ్రి వైపు చూసింది. “నేను రాయలా సార్” అంది. ఆ పిల్ల అబద్ధమాడడం నేను వినడం అదే మొదలు. నాకు సంతోషమేసింది, నిజంగా.

అక్కడితో వకీలు ఊరుకుంటే సరిపోయేది. “అయ్యా, ఆ రాత చూడండి, ముత్యాల్లా ఉంది. ఆ కాలనీ పిల్లలకు ఇంత రాత ఎక్కడ అబ్బుతుంది? ఇది వేరేవాళ్ల పనే” అన్నాడు.

బోనులో పోలయ్య తలెత్తాడు.

“అట్టనబాక సామీ! అది మా బిడ్డ రాసిందే. ఇస్కూల్లో దాని మాదిరి అచ్చరాలు ఎవురికీ రావు. కావాలంటే ఈడనే రాపిచ్చి చూడండి.”

“నాయనా...” అంది వెంగమ్మ. అప్పటికే గుమాస్తా రాసుకున్నాడు.

మూడేళ్లు వేశారు. పరిశోధనకు తోడ్పడినందుకు ఆఫీసు వాళ్లు పంపిన ప్రశంసాపత్రం ఆ వారమే బడికి వచ్చిందట. దాన్ని తీసుకోవడానికి వెంగమ్మ బడికి రాలేదని మాస్టారు కోర్టు గుమాస్తాతో చెబుతుంటే విన్నాను.

నేనిప్పుడు కోర్టు సామాన్ల గదిలో, లక్క ముద్ర వేసిన కవర్లో ఉన్నాను. ఎప్పుడో ఒకరోజు ఈ పాత కాగితాలన్నీ చెత్తలో పోస్తారు. అప్పుడు నేను మీకు దొరికితే నా మీద చెక్కిన మాట చదవకండి. నేను దొరికానని ఎవరికీ తెలియజేయకండి.