ఒక్క హెల్మెట్

ఆరు డజన్ల గుడ్లు ఉడకబెట్టి ఒలుస్తున్నాను. సగానికి కోసి, పచ్చసొన తీసి, ఆవపిండీ మయొనైజూ కలిపి మళ్లీ దాని గుంటలోనే దాన్ని పెట్టాలి. కష్టమైన వంటేం కాదు. నూట నలభై నాలుగు సార్లు చేయాలి, అంతే. మా ఆయన కర్ట్ వెనక నుంచి వచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. అది మింగకుండానే, "గుడ్లు జాగ్రత్త మార్లా. నీకసలే దేనిమీద పడితే దానిమీద కూర్చునే అలవాటు" అన్నాడు. అని, తన జోకుకి తనే పడీ పడీ నవ్వుకుంటూ గరాజ్‌లోకి పోయాడు.

ఈ జోకు వయసు ఇరవై ఎనిమిదేళ్లు. మా పెళ్లికన్నా ఏడాదిన్నర పెద్దది. పెళ్లి విందులో తోడి పెళ్లికొడుకు గ్లాసు పైకెత్తి ఇదే చెప్పాడు. మా అమ్మాయి బాప్టిజం రోజు చెప్పారు. మామగారు పోయినప్పుడు చర్చి కింది హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు తింటూ, కళ్లు తుడుచుకుంటూ కూడా చెప్పారు. చావింట్లో అందరూ నవ్వారు. "పోనీలే, నీ వల్ల వాతావరణం కాస్త తేలికపడింది" అని అత్తగారు నా భుజం తట్టింది. నేను ఎక్కడికి వెళ్లినా నాకన్నా ముందు ఆ జోకు వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మా ఫుట్‌బాల్ గురించి ఒక మాట చెప్పాలి. దాంట్లో కాళ్లకన్నా తలలకే పని ఎక్కువ. బంతి చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, పదకొండుమంది వాడి మీద పడతారు. మాదేమో అయోవా రాష్ట్రంలో పదకొండొందల మంది చదివే చిన్న కాలేజీ. మొక్కజొన్న చేను ఎక్కడ ఆగుతుందో అక్కడ మైదానం మొదలవుతుంది. ఆడినందుకు ఫీజులో ఒక్క డాలరు తగ్గించరు. ఇక్కడ ఆడినవాణ్ని ఏ పెద్ద టీమూ వచ్చి పిలవదు. అది తెలిసే ఆడతారు. అందుకే వీళ్ల ప్రేమ అంత గట్టిది, అంత పనికిరానిది. నాలుగో ఏడు నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఆట అయిపోతుంది, ఇక జన్మలో ఉండదు. ఇరవై రెండేళ్లకే రిటైరైపోయిన మగాడితో ఎవరైనా కాపురం చేశారా? నేను చేస్తున్నాను.

సెప్టెంబరు వచ్చిందంటే కర్ట్ మనిషి కాడు. మొక్కజొన్న విత్తనాలు అమ్మే ఏజెంటు, రైతులతో మంచిగా మాట్లాడతాడు, ఊళ్లో అందరికీ ఇష్టం. శనివారం పొద్దున మాత్రం పెరట్లో గడ్డి కోసి, మెషీను ఆపి, ఎవరూ చూడట్లేదనుకుని మూడు వేళ్లు నేల మీద ఆనించి వంగుతాడు. ఎవరో విజిల్ వేస్తారన్నట్టు ఆగుతాడు. వేయరు. మోకాలు పట్టుకుని మెల్లగా లేస్తాడు. వంటింటి కిటికీలోంచి నేనది చూస్తాను. జాలేస్తుంది. ఒకసారి పక్కలో పడుకుని చెప్పాడు, "ఆట కలలోకి రాదు మార్లా. ఆటకి ముందు నిమిషం వస్తుంది. అందరం మైదానంలోకి వెళ్లే సొరంగంలో నిలబడి ఉంటాం. అంతే, మెలకువ వచ్చేస్తుంది." ఆ మాట చెప్పిన మనిషిని నేను ప్రేమించాను, అబద్ధమెందుకు. కానీ నీకేం గుర్తొస్తుందే అని ఆ మనిషి నన్ను ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నాకూ గుర్తొస్తుంది. జిగురు పట్టీల వాసన. ఆ టీముకి చీలమండలకి పట్టీలు కట్టింది నేను. ఆట రోజు పొద్దున్నే నలభైమంది వరసగా బల్ల మీద కాళ్లు చాపేవాళ్లు. ఎవడి కాలు ఎటు మడత పడుతుందో నా వేళ్లకి తెలుసు. ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనర్ని కావాలని చదువుతున్నాను అప్పుడు. మాజీ ఆటగాడికి స్టేడియంలో వేరే వరస ఉంది, టోపీ ఉంది. మాజీ పట్టీలు కట్టినదానికి గుడ్లు ఉన్నాయి.

జోకు సంగతి ఇది. తొంభై ఏడు నవంబరు, ఆఖరి ఆట. గెలిస్తే చాంపియన్లం. మూడో క్వార్టర్లో కర్ట్‌ని ఇద్దరు రెండు వైపుల నుంచి గుద్దారు. లేచాడు, నవ్వుతూ నడిచొచ్చాడు, బెంచీ మీద నా పక్కన కూలబడ్డాడు. పెద్ద ట్రైనరు కాలు విరిగిన కుర్రాడితో ఆంబులెన్సులో వెళ్లిపోయాడు, ఉన్నది నేనే. "కర్ట్, ఇది ఏ నెల?" అని అడిగాను. "జూలై" అన్నాడు. మా ఊపిరి పొగలా కనబడుతోంది, అంత చలి. "మనం ఎవరితో ఆడుతున్నాం?" అంటే, "నువ్వు చాలా అందంగా ఉన్నావు, నీ పేరేంటి?" అన్నాడు. అప్పటికి ఏడు నెలలుగా మేం కలిసి తిరుగుతున్నాం. మాకు నేర్పించింది ఒకటే, తల దెబ్బ తిన్నవాడితో వాదించకు, వాడి హెల్మెట్ తీసేసుకో. హెల్మెట్ లేకుండా ఎవణ్నీ మైదానంలోకి రానివ్వరు. తీసుకున్నాను. వానకోటు కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

కోచ్ వచ్చాడు. "ఏయ్ పిల్లా, లే. వాడి హెల్మెట్ ఇయ్యి."

"ఇవ్వను సర్. ఏ నెలో చెప్పలేకపోతున్నాడు."

"నాకు కావల్సింది క్యాలెండరు కాదే, బంతి పట్టుకునేవాడు!"

నేను లేవలేదు. ఇరవై ఒక్కేళ్లు నాకు. కింద ఆ గట్టి ప్లాస్టిక్ గుచ్చుకుంటోంది, అయినా లేవలేదు. కర్ట్ బదులు వెళ్లిన రెండో కుర్రాడు బంతి జారవిడిచాడు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. 'చాంపియన్‌షిప్‌ని పిరుదుల కింద పెట్టుకుని కూర్చున్న పిల్ల' అని ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. ట్రైనరు చదువుకి ఎనిమిది వందల గంటలు పనిచేసినట్టు కోచ్ సంతకం కావాలి. "నా మైదానంలో నిన్ను చూసినట్టు నాకు గుర్తులేదమ్మా" అన్నాడు ఆయన. నా చదువు అక్కడితో ఆగింది. ఇప్పుడు పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల మీద ఫోన్లు ఎత్తుతాను. నేను కాపాడిన బుర్రతోనే మా ఆయన ఇన్నేళ్లుగా నన్ను వెక్కిరిస్తున్నాడు. ఆ బుర్రకి ఇప్పటికీ ఏ నెలో తెలుసు. విత్తనాల ధరలు పన్నెండేళ్లవి నోటికి వచ్చు.

ఆ రోజుది ఇంకో జోకు కూడా ఉంది. నాలుగో క్వార్టర్లో మా టీములోనే ఆడే లైల్ ఎవరి మీదో పడి, లేచి, దుమ్ము దులుపుకుని, తిన్నగా వెళ్లి ఎదుటి టీము వాళ్లు వలయం కట్టి మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్యలో నిలబడ్డాడు. చేతులు వాళ్ల భుజాల మీద వేశాడు. స్టేడియం అంతా నవ్వింది. వాళ్లే వాణ్ని తిప్పి మావైపు తోశారు. ప్రతి ఏడూ ఈ రెండు జోకులూ వరసగా చెబుతారు, ముందు నాది, తర్వాత లైల్‌ది. నా జోకుకి నేను నవ్వను. లైల్ జోకుకి ప్రతిసారీ నవ్వుతాను, అందరికన్నా గట్టిగా. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఈ ఏడు కొత్త వేషం మొదలుపెట్టారు. గురువారం సాయంత్రం కర్ట్ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. శనివారం ఆటకి ముందు పాత టీముకి భోజనాలు. అక్కడ స్టేజీ మీద నేను ఆ హెల్మెట్ తెచ్చి అతని చేతికిచ్చి, కాగితంలో ఉన్నది చదవాలి. 'ప్రియమైన టీముకు, మీ చాంపియన్‌షిప్‌ని పొదిగి పిల్లలు చేద్దామనుకున్నాను. నన్ను క్షమించండి.' తర్వాత టక్ అనే స్నేహితుడు బైబిల్లో గొర్రెల కాపరి వేషంలో వచ్చి నన్ను దీవించి క్షమిస్తాడు. టక్ భార్య ఆ వేషానికి దుప్పటి కుట్టేసింది కూడా.

"నేను చదవను కర్ట్."

"అబ్బా, మొదలుపెట్టింది. నవ్వుకోడానికే కదే?"

"నేను తప్పు చేశానా?"

"తప్పనెవడన్నాడు? క్షమాపణ చెప్పమంటున్నాం, అంతే. నీకెప్పుడూ జోకు అర్థం కాదు మార్లా, అదీ నీతో తంటా."

పక్క కుర్చీలో అత్తగారు ఊలు అల్లుతోంది. తల ఎత్తకుండానే, "ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుందే తల్లీ. మగవాళ్లు ముసలాళ్లవుతున్నారు, ఏదో సరదా" అంది. ఆ రాత్రంతా ఆలోచించాను. ఒక్క మాట. నిజమే, దాంతో పోయేదేముంది. ఇరవై ఎనిమిదేళ్లు నవ్వినవాళ్లు ఇంకో అయిదు నిమిషాలు నవ్వుతారు. కానీ ఇంతవరకూ వాళ్లు నవ్వినా, నేను చేసింది సరైన పనేనని నాకు తెలుసు. ఆ తెలియడం ఒక్కటే నా దగ్గర మిగిలింది. క్షమించండి అని నా నోటితో నేనే అంటే, దాన్ని కూడా పళ్లెంలో పెట్టి గుడ్లతో పాటు వాళ్లకి వడ్డించినట్టే. పెళ్లాం అంటే అన్నీ వడ్డించేదే కదా, ఇది మాత్రం ఎందుకు దాచుకోవాలి అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

శనివారం పదకొండింటికి జిమ్ము హాల్లో బల్లలు వేశారు. నేను గుడ్ల పళ్లేలు దించుతుంటే తలుపు దగ్గర కలకలం. లైల్ వచ్చాడు. మూడేళ్లుగా రావట్లేదు. వాడి భార్య నడీన్ మోచేయి పట్టుకుని నడిపిస్తోంది. మనిషి అదే మనిషి, అవే భుజాలు, పైన కాలేజీ స్వెట్టరు. "ఒరేయ్ లైలూ! దారి తప్పకుండా మన హాల్లోకే వచ్చావేంట్రా ఈసారి!" అని టక్ గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు. లైల్ కూడా నవ్వాడు, ఎదుటివాళ్లు నవ్వారు కాబట్టి.

నడీన్ వాణ్ని నా బల్ల పక్కనే కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, గుడ్డు ముక్క నాలుగు చేసి నోటికి అందిస్తోంది. నాకన్నా రెండేళ్లు చిన్నది. చేతులు చూస్తే డెబ్బై ఏళ్ల చేతుల్లా ఉన్నాయి. బ్యాంకు ఉద్యోగం మానేసిందని విన్నాను.

"పొద్దున నన్ను ఎవరమ్మా మీరు అన్నాడు. మర్యాదగానే అన్నాడులే" అంది నాతో. "డాక్టర్లు ఆ ఒక్క ఆట వల్లే అని చెప్పరు. పన్నెండేళ్లు ఆడాడు, ఏ దెబ్బ ఏం చేసిందో ఎవరికి తెలుసు అంటారు. సరే అంటాను. మార్లా, ఒకటి అడగనా? ఏమనుకోవు కదా?"

"అడుగు."

"ఆ రోజు ఈయన వెళ్లి వాళ్ల గుంపులో నిలబడ్డాడు చూడు, ఆ జోకు. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బెంచీ మీద."

"చూశావా?"

"చూశాను."

"తర్వాత ఎంతసేపు ఆడాడు?"

"తొమ్మిది నిమిషాలు."

ఆమె తల ఊపింది. కోపం లేదు. పక్కింటివాళ్లని వాన ఎప్పుడు పడిందని అడిగి తెలుసుకున్నట్టు ఊపి, లైల్ మూతి తుడిచింది. తొమ్మిది నిమిషాలని నేను ఎంత చప్పున చెప్పానో అప్పుడు నాకు తెలిసింది. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ఒకే ఒక ప్రశ్నకి జవాబు నాలుక చివరే పెట్టుకుని తిరుగుతున్నాను. కర్ట్ హెల్మెట్ తీసుకున్న పావుగంటకి లైల్‌కి అలా అయింది. అప్పటికి కోచ్ నా ముఖంలో ముఖం పెట్టి, "ఇంకొక్కడి హెల్మెట్ ముట్టుకున్నావా, నీ చదువు నేనే ముగిస్తా" అని వెళ్లాడు. లైల్ అటు నడుస్తుంటే వాడి అడుగు చూశాను. వాడికీ తలకే దెబ్బ తగిలింది. తెలిసింది. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. స్టేడియం నవ్వుతుంటే నేనూ నవ్వాను. చదువు ఎలాగూ పోయింది. నా ధైర్యం నేను ప్రేమించినవాడి ఒక్కడికే సరిపోయింది. దాన్నే ఇన్నేళ్లూ నీతి అని పేరు పెట్టి దాచుకున్నాను. వాళ్ల జోకు నాకు ఎంత మేలు చేసిందో కూడా అప్పుడే అర్థమైంది. ఆ హెల్మెట్ గురించి అందరూ అరుస్తున్నంతకాలం రెండో దాని గురించి ఎవరూ అడగరు.

"మార్లా! రావాలి, రావాలి! ముద్దాయి స్టేజీ మీదకి రావాలి!" టక్ మైకులో అరుస్తున్నాడు. దుప్పటి కప్పుకుని చేతిలో కర్ర పట్టుకున్నాడు. బల్లలు బాదుతున్నారు. నేను వెళ్లాను. ఎవరో హెల్మెట్ నా చేతికిచ్చారు. కర్ట్ మోకాళ్ల నొప్పితోనే ఒక మోకాలు నేలకి ఆనించి, రెండు చేతులూ చాచి, కన్ను గీటాడు. అతని ముఖంలో ద్వేషం లేదు, అదే నాకు ఎప్పుడూ కష్టం. పండగనాటి పిల్లాడిలా ఉన్నాడు. "చదువు బంగారం, చదువు" అన్నాడు గుసగుసగా.

కాగితం విప్పలేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, "తప్పు చేశాను, క్షమాపణ చెప్పాలి" అన్నాను. హాలంతా ఈలలు. టక్ కర్ర పైకెత్తాడు. ఈలలు ఆగేదాకా ఆగాను. కర్ట్ వైపు కాదు, గుడ్ల పళ్లేల పక్క బల్ల వైపు తిరిగాను. అక్కడ మెడకి తువ్వాలుతో ఒకడు, అందరూ ఈలలు వేశారు కాబట్టి తనూ వేయబోతున్నాడు.

"నన్ను క్షమించు లైల్. ఆ రోజు నేను ఒక్క హెల్మెట్టే దాచాను."